ఈల వేసి పెట్టిన పరీక్ష

నేను ఒక ఇనుప గుండును. తుప్పంటే నాకు భయం లేదు. నన్ను విసిరే పిల్ల తనకు బుర్ర లేదని నిజంగా నమ్మేసిందేమోనన్నదే నా భయం.

పాత రైలుపట్టా ముక్కలు, విరిగిన బోరింగు చెయ్యి కలిపి కరిగించి నన్ను పోశారు. అంచేత వంశం గురించి గొప్పలు పోను. లోపలంతా గట్టి, ఆలోచనకు చోటు లేదు. యూనివర్సిటీ వ్యాయామ విభాగంలో నన్ను మొదట విసిరిన పిల్ల మాలి నీళ్లకుండ పగలగొట్టి, తప్పు నా మీదకు తోసింది. తర్వాత కొన్నాళ్లు హెడ్డుగారి గది తలుపు మూసుకోకుండా కాపలా కాశాను. ఆయన వచ్చినవాళ్లకు నన్ను చూపించి, మా ఆటల పిల్లలూ ఇదీ ఒకటే, బరువే గానీ లోపల ఏమీ ఉండదు అనేవాడు. ఆయన ఇప్పించిన టీ తాగుతున్నవాళ్లు కాబట్టి వాళ్లూ నవ్వేవారు.

అక్కణ్ణుంచి నన్ను ఎత్తుకెళ్లింది ఢిల్లీశ్వరి. పలాస జీడితోటల్లో పెరిగిన పిల్ల. నన్ను మెడ దగ్గర, దవడకు ఆనించి పెట్టుకునేది. చంటిపిల్లల్ని తల్లులూ అలాగే పెట్టుకుంటారు. కాకపోతే వాళ్లు ఆ తర్వాత విసిరెయ్యరు.

ఒకరోజు ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆటల పిల్లలకు తమ మీద తమకు నమ్మకం ఎంత, తెలివి ఎంత, ఆ రెంటికీ చుట్టరికం ఉందా అని కనుక్కోవాలట. గ్రౌండు పక్క షెడ్డులో కాగితాలు పంచింది. మొదలుపెట్టించింది మాత్రం కోచ్ అప్పన్న మాస్టారు. అలవాటు కొద్దీ ఈల వేసి, స్టాప్‌వాచ్ నొక్కాడు. ఇంకేముంది! ఈల వినగానే ఆగి ఆలోచించే పిల్ల అక్కడ ఒక్కతీ లేదు. అందరూ టిక్కులు కొట్టుకుంటూ పరుగందుకున్నారు. ఢిల్లీశ్వరి అందరికన్నా ముందు కాగితం ఇచ్చేసింది. మాస్టారు వీపు కూడా తట్టాడు.

ఫలితాల్లోనూ ఆమే ఫస్టు. నమ్మకంలో పైనుంచి, తెలివిలో కిందనుంచి.

"పాపం, బుర్ర లేదన్న సంగతి తెలుసుకునేంత బుర్ర కూడా లేదు," అన్నాడు హెడ్డుగారు. ఆ మాట మధ్యాహ్నానికి క్యాంటీను చేరింది, సాయంత్రానికి గ్రౌండు చేరింది.

ఆ సాయంత్రం ఢిల్లీశ్వరి నన్ను దవడకు ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెతో పాటు హాస్టల్లో ఉండే పరుగుల దమయంతి దగ్గరికొచ్చింది.

"ఏటే, గుండు బరువెక్కిపోనాదా?"

"నా బుర్రలో ఏటీ నేదంట. ఇన్నాళ్లూ ఊరికే పొంగిపోనాను."

"ఓసి పిచ్చిమొగమా, ఈల ఏసినారని పరిగెట్టినాం. ఆ పేపరు సదివినామేటే మనం?"

"నువ్వు నా మనసు కోసం సెప్తన్నావులే," అని ఢిల్లీశ్వరి నన్ను తీసుకెళ్లి మళ్లీ హెడ్డుగారి తలుపు దగ్గర పెట్టేసింది.

అప్పట్నుంచీ రాలేదు. పోటీలు దగ్గరపడ్డాయి. మాస్టారు కాలు నొప్పేమో అనుకుంటున్నాడు. పెద్ద పోటీకి పరుగుల జట్టుతో దమయంతి ముందే వెళ్లిపోయింది. ఢిల్లీశ్వరి పక్కన మనిషి లేదు. తెలివి ఉందని నన్ను ఎవరూ ఎప్పుడూ అనలేదు, అయినా పడ్డ ప్రతిచోటా గుంత పెట్టాను. అది పిల్లకు చెబుదామంటే నాకు నోరు లేదు, వెళ్దామంటే కాళ్లు లేవు.

మీకు ఉన్నాయి కదా. అమ్మాయిల హాస్టల్లో మేడమీద, చివరి గది. ఒకసారి తలుపు తట్టండి. అన్నం తిన్నావా అని అడగండి. జవాబు నిదానంగా వస్తుంది, కూర్చోండి. ఈల మాత్రం వెయ్యకండి.