తేలు కుట్టిన దొంగ

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో చీటీల ఆట. చీటీలో రాసున్న జాతీయాన్ని నోరు మెదపకుండా నటించాలి, మిగతావాళ్లు కనిపెట్టాలి. ఆ తర్వాత అది మనకెప్పుడు జరిగిందో నిజం చెప్పాలి. పిల్లలకు మాటలతో పాటు నిజాయితీ కూడా అబ్బుతుందని ఈ నియమం పెట్టిన మహాతల్లిని నేనే.

ఆ రోజు నాకు ఆట మీద మనసు లేదు. నేను పనిచేసే టైలరింగ్ షాపులో, ముందురోజు ఇస్త్రీ అక్క టీకి వెళ్లినప్పుడు, తొందరపడి ఇస్త్రీ పెట్టె నేనే పట్టి ఒక కోటు వీపు మాడ్చేశాను. యజమాని అడిగితే, "ఇస్త్రీ ఆవిడ పని కదండీ," అన్నాను. అబద్ధమైతే ఆడలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తను ముట్టుకోలేదని అక్క ఎంత మొత్తుకున్నా వినకుండా, సోమవారం నుంచి రావద్దన్నాడాయన. అక్క ఇద్దరు మనవలను సాకుతున్న మనిషి. నా వైపు చూసింది. నేను తలెత్తకుండా సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.

మావాడు గోడ మీద పిల్లిలా సోఫా అంచెక్కి, ఎటు దూకాలో తేలక ధబీమని పడ్డాడు. అందరం నవ్వాం. తర్వాత చీటీ నాది. విప్పి చదివాను. పెదవులు బిగించి నిలబడ్డాను, అంతే.

"తేలు కుట్టిన దొంగ," అంది మా అమ్మాయి వెంటనే. "భలే చేశావమ్మా. ఇప్పుడు నీకెప్పుడు జరిగిందో చెప్పు."

"నాకెప్పుడూ జరగలేదు."

"అలా కుదరదు. అద్దం పగలగొట్టింది నేనేనని నా చేత చెప్పించావుగా."

మా ఆయన నా మొహం చూసి, "పోనీలేవే, అమ్మకి వేరే చీటీ ఇద్దాం," అన్నారు. ఆ జాలి నేను భరించలేకపోయాను.

నీళ్లు నములుతూనే అంతా చెప్పాను. మావాడు, "మరి ఆవిడ పని?" అన్నాడు.

అందరి ముందే యజమానికి ఫోన్ చేశాను. సిగ్గుతో చచ్చాను. ఆయన చివరిదాకా విని, రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు.

"ఏమన్నారమ్మా?"

పిల్లలిద్దరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యడం నాకు చేతకాని పనేం కాదు.

"ఆవిడని రమ్మన్నారు," అన్నాను. "నన్ను రావద్దన్నారు."