అడిగిన ప్రశ్న: మిద్దె కారుతుందా?

ప్రేమకుమారి టీచరు ముప్పై మూడేళ్లు లెక్కల పేపర్లు ఒకే పద్ధతిలో దిద్దింది. అడిగినదానికి జవాబుంటే మార్కు. అడగనిదానికి ఎంత అందంగా రాసినా సున్నా. రిటైరై రెండేళ్లయినా ఆ అలవాటు ఆమెను వదలలేదు. అందుకే శుక్రవారం సాయంత్రం ఫేస్‌బుక్‌లో “మన పొద్దుటూరు: ఇండ్లు, స్థలాలు” అనే గ్రూపులో ఆమె పెట్టిన ప్రశ్నలో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

“పొద్దుటూరులో 1991లో కట్టిన ఒక బండల మిద్దె కొనాలనుకుంటున్నాము. ఇది వేసవి గనుక వానకు కారుతుందో లేదో చూసే వీలు లేదు. ఇలాంటి మిద్దెల కింద కాపురమున్నవారు చెప్పగలరా: బండల సందుల్లోంచి నీళ్లు దిగుతాయా? దిగితే ఏ మరమ్మతు నిలుస్తుంది?”

కింద మూడు ఫోటోలు జతచేసింది. వీధి వైపు గోడ ఒకటి, మిద్దె మీది పిట్టగోడ ఒకటి, పెరట్లో నిమ్మచెట్టు, దాని పక్కన ప్లాస్టిక్ డ్రమ్ము కలిపి ఒకటి.

శనివారం పొద్దున జమ్మలమడుగులోని అద్దె ఇంటి వసారాలో ఆమె భర్త ఆనందయ్య కళ్లజోడు సవరించుకుని ఫోను అందుకున్నాడు. ఆయన ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరి చేతిరాతనైనా చదవగలడు, దేన్ని చదివినా భయపడగలడు.

“నూటా పన్నెండు మంది రాసినారు ప్రేమా!”

“మిద్దె గురించి ఎంతమంది?”

ఆనందయ్య వేలితో తెరను పైకి తోస్తూ పోయాడు. “దక్షిణం వాకిలంట. వద్దంటాండారు. ఇంగొకాయన, అరవై దాటినాక ఇల్లెందుకు, ఉన్న నాలుగు రోజులు ఊర్లు తిరగండి అంటాండాడు. ఈయనేమో, ఫోటో నేరుగా తీయడం రానోళ్లు ఇల్లేం కొంటారు అని. ఈయమ్మ బామ్మర్దిది అపార్టుమెంటు ఉండాదంట, నెంబరు ఇచ్చింది.”

“మిద్దె గురించి?”

“యాడ! సగం మంది డ్రమ్ము మీద పడినారు.”

ఆ డ్రమ్ము రంగు ఒక పార్టీ జెండాలో ఉన్న రంగు. ఎన్నికలు ఇంకా ఏడు వారాలుండగానే, డ్రమ్మును బట్టి ఆ ఇల్లు ఎవరిదో, కొనేవాళ్లు ఎవరి మనుషులో, ఇంటి వెనక ఎవరి హస్తముందో నలభై మంది తేల్చేశారు. ఎదుటి పార్టీ వాళ్లు ఊరుకోలేదు. మధ్యాహ్నానికి రెండు పార్టీల నాయకుల తాతలు కూడా చర్చలోకి వచ్చారు.

“మన ప్రశ్న కింద తొడలు కొట్టుకుంటాండారు” అన్నాడు ఆనందయ్య దిగులుగా. “ఇంతమంది వద్దంటాండారంటే, ఏమోనబ్బా.”

“ఇంతమందిలో ఆ ఇంట్లో అడుగుపెట్టినోళ్లు ఎంతమంది?”

“ఎవురూ లేరనుకో.”

“నూటా పన్నెండు సున్నాలు కూడితే ఎంత?”

“సున్నానే.”

“అంతే మరి. దానికి దిగులెందుకు?”

పైకి అట్లా అన్నది గానీ, వాటిలో ఒకటి ఆమెకు గుచ్చుకుంది. రాసినవాడు ఆమె పాత విద్యార్థో, విద్యార్థి తమ్ముడో. “జీవితమంతా మిషన్ కాంపౌండులో, అద్దె ఇండ్లలో ఉన్నోళ్లకు ఇల్లు చూసుకోవడం ఏం తెలుస్తాది?” అని రాశాడు. అందులో తప్పేమీ లేదు. ఆమె పుట్టింది మిషన్ వాళ్ల క్వార్టర్సులో. పెళ్లయ్యాక ఉద్యోగం పులివెందులలో, కాపురం ఒక రైతు ఇంటి మేడ మీద. ఒక ఎన్నికల్లో ఆమెకు పోలింగ్ డ్యూటీ పడింది. మండుటెండలో నోరెండిపోయి, దగ్గర్లో కూర్చున్న ఏజెంటును అడిగి చెంబెడు మంచినీళ్లు తాగింది. ఆ ఏజెంటు ఇంటి యజమానికి ఎదుటి పార్టీవాడు. వారం తిరక్కముందే యజమాని మేడెక్కి వచ్చి, “మేడమ్, మీరు శానా మంచోళ్లు. ఇల్లు మాత్రం ఖాళీ చేయాల. రేపు నన్ను అడిగేటోళ్లకు నేనేం చెప్పేది?” అని, పోయేటప్పుడు గంపెడు చెనక్కాయలు కూడా ఇచ్చి సాగనంపాడు. ఆ తరువాత ఎన్ని ఇండ్లు మారిందో ఆమె లెక్కపెట్టడం మానేసింది. చెంబెడు నీళ్లకు ఖాళీ చేయమనే మనిషి లేని ఇల్లు ఒకటి కావాలనుకోవడం మాత్రం అప్పటి నుంచీ మానలేదు.

ఆ మిషన్ కాంపౌండు జవాబు కింద ఆమె ఇలా రాసింది: “నిజమే. తెలియదు కాబట్టే అడిగాను.”

పొద్దుటూరు ఇల్లు ఆమె చేతికందే ధరకు రావడానికి కారణం ఆ ఇంటి పుట్టుకే. అమ్ముతున్న ఆదినారాయణ ఇప్పుడు కడపలో స్థిరపడ్డాడు. ఆయన తండ్రి ఫ్యాక్షన్ మండుతున్న రోజుల్లో, బ్రతికి బయటపడడం కోసం కట్టిన ఇల్లు అది. రెండడుగుల మందం గోడలు. వాకిలి తలుపుకు లోపల ఇనుప రేకు. వీధి వైపు ఒక్క కిటికీ లేదు. వెలుతురంతా కప్పులోని గవాచీల్లోంచే దిగాలి. మిద్దె చుట్టూ రొమ్ము ఎత్తు పిట్టగోడ, దానికి అక్కడక్కడా పిడికిలంత బొక్కలు. అయితే లోపల చైత్రమాసంలో కూడా కుండలో నీళ్లంత చల్లగా ఉంది, పెరట్లో నిమ్మచెట్టు కాయలతో వంగి ఉంది. రాజుపాలెం నుంచి ఒక కాంట్రాక్టరు సోమవారం వస్తున్నాడని, కొంటే దాన్ని కూలగొట్టి షాపులు కడతాడని ఆదినారాయణ చెప్పాడు. “ఆదివారం సాయంత్రం లోపల మీ మాట చెప్తే మీకే ఇస్తా మేడమ్. మా నాయన కట్టింది నిలబడితే నాకూ సంతోషమే.”

అంటే ఆమెకు మిగిలింది ఒకటిన్నర రోజు. కప్పు మొత్తం ఊడదీయవలసి వస్తే ఆ ఖర్చుకు తట్టుకునే శక్తి ఇద్దరు పెన్షన్‌దారులకు లేదు. తెలియవలసింది ఆ ఒక్కటే.

ఆమె ఒక వాక్యం తయారుచేసుకుని వచ్చిన ప్రతి విమర్శ కిందా అదే అతికించడం మొదలుపెట్టింది. “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. అడిగిన ప్రశ్న: మిద్దె కారుతుందా? దయచేసి దానికి జవాబు రాయండి.” కొందరికి కోపమొచ్చింది. కొందరు డ్రమ్ము దగ్గరికి తిరిగి వెళ్లారు. మూడు గంటల ప్రాంతంలో సింహం బొమ్మ పెట్టుకున్న ఒకాయన రంగంలోకి దిగాడు. “టీచరమ్మా, నీకేమన్నా తిక్కా? ఆ కొంపను ఎవురన్నా కొంటారా?” అని మొదలైంది. ఆమె అంతవరకే చదివి, తన వాక్యం అతికించి, తరువాతి దానికి వెళ్లింది.

రెండు నిమిషాల్లో సింహం మళ్లీ గర్జించింది. “అడిగినదానికే చెప్పినా గదమ్మా. చదవకుండానే సున్నా వేస్తాండావా? ఇట్లేనా పిల్లోళ్ల పేపర్లు దిద్దింది?”

ఆమె వెనక్కి వెళ్లి మొత్తం చదివింది. తిక్క, కొంప తరువాత ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. “నడిమింట్లో మూడో దూలం కాడ కారతాది. ఇంగ యాడా కారదు. సిమెంటు నిలబడదు, సున్నమే పెట్టాల. అయినా కొనొద్దు.”

చెవులు వేడెక్కడమంటే ఏమిటో ఆమెకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఫోటోల్లో ఇంటి లోపలి భాగమే లేదు. నడిమింట్లో దూలాలు ఎన్నో ఆమే లెక్కపెట్టలేదు.

“తప్పు నాదే. పూర్తిగా చదవలేదు. మీకు నూటికి నూరు. మీకెలా తెలుసు?”

“ఆర్నెల్లు ఆ మిద్దె మీదే పండుకున్నా. ఆ పిట్టగోడకు బొక్కలు కొట్టింది నేనే.”

ఆనందయ్య చేతిలో గ్లాసు కింద పెట్టాడు. “ఫ్యాక్షనోడు ప్రేమా! వద్దు. ఫోను ఆపేయి.”

“రేపు రమ్మంటాండా.”

“ఇంటికా?”

“మిద్దె కాడికి.”

ఆదివారం చర్చి ముగిసి, పొద్దుటూరు చేరి, ఆదినారాయణ పంపిన తాళంచెవితో వాళ్లు వాకిలి తీసే సమయానికి సింహం అరుగు మీద కూర్చుని ఉంది. అరవై దగ్గరపడిన సన్నటి మనిషి. లావు కళ్లద్దాలు. చేతిలో చిన్న సంచి. పేరు నారాయణ. సొంతూరు పెండ్లిమర్రి దగ్గర, ఇప్పుడు గండికోటలో కోట చూడవచ్చేవాళ్లకు టీ అంగడి.

“సింహం బొమ్మ?” అని అడగకుండా ఉండలేకపోయాడు ఆనందయ్య.

“ఫోను అమ్మినోడు పెట్టినాడు సార్. తీసేది నాకు తెలీదు.” సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. “మా ఇంటి అల్లం. టీలోకి.”

ప్రేమకుమారి టీచరు ఎవరి మాటనూ ఊరికే నమ్మే మనిషి కాదు. అది సింహానిదైనా, డ్రమ్ము పండితులదైనా ఒకటే. మిద్దె తూములో పాత గోనెసంచి కుక్కించి, గ్రూపులో సగం మంది కొట్లాడుకున్న ఆ డ్రమ్ములో కొళాయి నీళ్లు నింపించి, బకెట్ల మీద బకెట్లు పైకి చేరవేయించింది. నారాయణ మోశాడు, ఆనందయ్య మూలిగాడు, ఆమె పోసింది. ఎదురింటి వాకిట్లోంచి నడివయసు దాటిన ఒకావిడ నడుము మీద చెయ్యి పెట్టి చూస్తోంది.

“ఏమమ్మా, ఎండాకాలమని మిద్దెకు తలంటు పోస్తాండారా? కుంకుడుకాయలు కావాల్నా?”

“కారుతుందేమో చూస్తాండామమ్మా!”

“కారతాదిలే! కొనద్దు! అయినా పై నుంచి పోస్తే తెలుస్తాదా? వాన పక్క నుంచి కొడతాది!” ఆమె పేరు గులాబ్‌బీ అని తరువాత తెలిసింది.

ముగ్గురూ కిందికి దిగి నడిమింట్లో మెడలెత్తి నిలబడ్డారు. గవాచీలోంచి ఎండ చదరంగా నేల మీద పడి ఉంది. పావుగంట గడిచింది. బండలు పొడిగా ఉన్నాయి. ఇంకో పావుగంట. ఆనందయ్య మెడ నొప్పి అని చెప్పబోతుండగా ఆయన కళ్లజోడు మీద ఒక చుక్క పడింది. తల తిప్పకుండానే ఆమె దూలాలు లెక్కపెట్టింది. మూడోది.

గంట సేపు ఆగారు. ఇంకెక్కడా తడి లేదు.

“దూలం కొంచెం వంగినట్టుంది” అన్నదామె.

“వంగదా మరి? దాని నెత్తిన రాళ్లు పేర్చినాం గదా.” నారాయణ పైకి చూపించాడు. నీళ్లు పోసేటప్పుడు ఆమె చెత్త అనుకున్న రాళ్లకుప్ప సరిగ్గా ఆ దూలం మీదే ఉంది. “ఎవురన్నా మీదికొస్తే విసరాలని. ఎదుటి పార్టీ వాళ్లూ ఆ సందు చివర మిద్దె మీద పేర్చినారు. వాళ్లు ఒక బండెడు తెస్తే మేం రెండు. వాళ్లు మూడు తెస్తే మేం నాలుగు. ఆ ఆర్నెల్లు మాకు మోతే తప్ప వేరే పని లేదమ్మా.”

“ఎవరి మీద వేసినారు?” ఆనందయ్య గొంతు తగ్గించాడు.

“ఒక్కటీ వేయలేదు సార్. దూలం మీద తప్ప. ఒక వానకు కింద పండుకున్న మా పెద్దాయన, ఈ ఇల్లు కట్టినాయన, మొగం మీద కారింది. శత్రువు పని అని తుపాకీ పట్టుకుని లేచినాడు.”

ముందు నవ్వింది ఆనందయ్యే. నవ్వు ఆగాక ఆమె అడిగింది. “ఇంత తెలిసిన మనిషివి, మరి కొనొద్దని ఎందుకు రాసినావప్పా?”

నారాయణ వీధి వైపు గోడను చేత్తో తట్టాడు. “ఆర్నెల్లు ఉన్నా ఈడ. వీధిలో పెండ్లి పోతాంటే మేళం వినపడేది, మనిషి కనపడేటోడు కాదు. బొక్కలోంచి చూసేటోళ్లం. అది చూడ్డం కాదు గదమ్మా, కాపలా. నువ్వు బడిలో పిల్లోళ్ల మధ్యన బతికినదానివి. ఇట్లాంటి కొంపలో ఎట్లుంటావు?”

ఆమె ఆ గోడను చాలాసేపు చూసింది. అడగకుండా వచ్చిన మాటే అది. అడిగిన ప్రశ్నలో లేని మాట. సున్నా వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

“ఈ గోడకు కిటికీ పెట్టొచ్చునా?”

“ఎందుకు పెట్టకూడదు? రెండడుగుల గోడ, పైన ఒక బండ మోపితే సరి. ఎవురూ పెట్టుకోలేదు, అంతే.”

అక్కడ నిలబడే ఆమె ఆదినారాయణకు ఫోను చేసింది. “మేము తీసుకుంటున్నాము. వీధి వైపు కిటికీ పెడితే మీకేమైనా అభ్యంతరమా?”

“మా అమ్మ బతికినన్నాళ్లూ అడిగింది మేడమ్ ఆ కిటికీ” అన్నాడు ఆదినారాయణ. “పెట్టుకోండి.”

ఎన్నికలైపోయాయి. ఎవరు గెలిచినా డ్రమ్ము రంగు మారలేదు. మిద్దె మీది రాళ్లు కిందికి దిగాయి. కొత్త దూలం పైకెక్కింది. సందుల్లోకి సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్లు పోయాయి. పాకం కుదిరిందో లేదో చూడ్డానికి నారాయణ రెండుసార్లు గండికోట నుంచి వచ్చి, రెండుసార్లూ మేస్త్రీతో పోట్లాడాడు. దింపిన రాళ్లు కిటికీ కింద అరుగయ్యాయి. ఆషాఢంలో మొదటి పెద్ద వాన కురిసిన రోజు ఆనందయ్య నడిమింట్లో మూడో దూలం కింద కుర్చీ వేసుకుని, కళ్లజోడు తుడిచి పెట్టుకుని గంట సేపు కూర్చున్నాడు. కళ్లజోడు పొడిగానే ఉంది.

వాన వెలిశాక ఆమె కిటికీ ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. “మిద్దె కారడం లేదు. సహాయానికి ధన్యవాదాలు.” ఈసారి ఏ ప్రశ్నా అడగలేదు. అయినా చీకటి పడకముందే యాభై జవాబులు వచ్చాయి. కిటికీ ఏ దిక్కున ఉండాలో, చెక్కకు ఏ రంగు వేస్తే ఏ పార్టీ అవుతుందో, కొన్న ధర ఎక్కువో తక్కువో వాటిలో ఉన్నాయి. సింహం ఒక్క ముక్క రాసింది: “కమ్మీలు మరీ దగ్గర పెట్టినారు.”

ఆమె లేచి వెళ్లి కమ్మీల మధ్య చెయ్యి పెట్టి చూసింది. నిజమే, దగ్గరే.

సరిగ్గా అప్పుడు కిటికీకి అవతల గులాబ్‌బీ ముఖం ప్రత్యక్షమైంది. తడి వీధి దాటి, కొంగు నెత్తిన వేసుకుని, కొత్త అరుగు మీద కూర్చోబోతూ ఆగింది.

“అరుగు ఇంత ఎత్తు కట్టినావేందమ్మా? ముసలోళ్లు ఎట్ల ఎక్కేది?”

“నిన్ను ఎవరడిగినారు గులాబ్‌బీ?” అని ప్రేమకుమారి టీచరు నవ్వింది. “ఉండు, పీట తెస్తా. ఎక్కి కూచోని మిగతాది చెప్పు. టీ పెడతాండా.”