పెరట్లో పొగ

పెరడు ఊడవడంతో ఆమె రోజు మొదలయ్యేది. బెంచీల కింద, అంట్ల తొట్టి పక్కన, నీళ్ళు పోయే తూము నోట్లో, ఎక్కడ చూసినా నలిపి పారేసిన సిగరెట్ పీకలే. తడిసి ఉబ్బినవి చీపురుకు అంటుకుపోతే వేళ్ళతో లాగి పారెయ్యాలి. అదయ్యాక అక్కడే పీట వేసుకుని ఇంటి ముందు భాగంలో నడిచే హోటల్‌కు కావలసిన కూరగాయలన్నీ తరగాలి. ఆ హోటల్‌కు వచ్చేవాళ్ళందరికీ ఆమె వదిన. యజమాని అయిన ఆమె భర్తను అన్నా అని పిలిచినవాళ్ళు ఆమెకూ వరస కలిపేశారు. జీతం లేని పనికి వరస మాత్రం చక్కగా కుదిరింది.

మొదట్లో పొగంతా హాల్లోనే ఉండేది. భోజనం అవగానే కుర్చీలు వెనక్కి జరుపుకుని వెలిగించేవాళ్ళు. ఒకరోజు చిన్నపాపను వెంటేసుకుని ఒకావిడ భోజనానికి వచ్చింది. పక్క బల్ల దగ్గర ఇనప సామాన్ల కొట్టాయన గుప్పుగుప్పుమని వదులుతున్నాడు.

"కాస్త ఆపుతారా? మా పాపకి ఆయాసం" అందావిడ.

"హోటలన్నాక పొగ ఉండదా? అంత సుకుమారమైతే ఇంట్లో వండుకు తినాలి."

"ఇంట్లో రోజూ నేనే వండుతానండీ. ఒక్క పూట తప్పించుకుందామనే వచ్చాను."

వంటింటి కిటికీలోంచి ఆ మాట విని వదిన గరిటె పట్టుకునే నవ్వేసింది. ఎన్నాళ్ళకో విన్న మంచిమాట. ఆ రోజు ఆ పాప సూప్ గిన్నెలో రెండు చేప ముక్కలు ఎక్కువే వేసి పంపింది.

గొడవ పెద్దదై నలుగురూ నాలుగు మాటలన్నారు. వారం తిరక్కుండా భర్త హాల్లో 'ఇక్కడ పొగ తాగరాదు' అని ఎర్ర అక్షరాల బోర్డు పెట్టించాడు. వంటింటి వెనక పెరట్లో రేకు దింపి బెంచీలు వేయించి, బూడిద డబ్బాలు పెట్టాడు. "పాము చావకుండా కర్ర విరక్కుండా ఎలా చేశానో చూశావా?" అని మురిసిపోయాడు.

"మరి అక్కడ మేం కూర్చుంటాం కదండీ" అంది ఆమె. మేమంటే తనూ, గిన్నెలు తోమే అక్కా.

"మీరేమన్నా తినడానికి కూర్చుంటారా? తినేవాళ్ళకే కదా ఇబ్బంది."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అత్తగారు అందుకుంది. "కట్టెల పొయ్యి ఊదీ ఊదీ ఈ కొంపని నిలబెట్టాను నేను. నాకేమైంది? పొగకి చచ్చిన ఆడదాన్ని ఎక్కడా చూళ్ళేదమ్మా." అంటూనే, ఎప్పుడూ నీరు కారుతుండే కళ్ళు తుడుచుకుంది.

పాప తల్లి మళ్ళీ వచ్చి బోర్డు చూసి పొంగిపోయింది. "మా ఆరోగ్యం గురించి ఇంత ఆలోచించేవాళ్ళు ఎవరున్నారండీ ఈ రోజుల్లో?" అంది. భర్త చేతులు జోడించి తల వంచాడు. ఇంట్లో ఆ వినయాన్ని వదిన ఎప్పుడూ చూడలేదు.

ఇక పెరడు పెరడులా లేదు. సిగరెట్ల వాళ్ళు కొందరు, మెడలో గొట్టాలు వేలాడేసుకుని వేప్ అనే కరెంటు సిగరెట్ పీల్చే కుర్రాళ్ళు కొందరు. "ఇది పొగ కాదు వదినా, ఆవిరి. దీంతో ఏం కాదు" అనేవాళ్ళు ఆ కుర్రాళ్ళు. రోజుకో వాసన. "ఇవాళ్టిది ఏంటో చెప్పండి చూద్దాం" అంటూ ఆమె మొహం మీదుగా ఊదేవాళ్ళు. ఆమె తరిగే చెయ్యి ఆపకుండానే ద్రాక్ష అనో, పుదీనా అనో చెప్పేది. కరెక్ట్ అని చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆడమనిషి మొహం మీదికి ఊదడమేంట్రా అని వాళ్ళకు తోచలేదు. పని చేస్తున్న మనిషి మొహం మొహంలా కనిపించదు కాబోలు అనుకునేది ఆమె.

ఎన్నిసార్లు తలంటుకున్నా జుట్టులోంచి ఆ కంపు పోయేది కాదు. చుట్టాలింట్లో శుభకార్యానికి వెళ్తే పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకున్నారు. ఇంటికొచ్చాక అత్తగారు, "ఏమే, నీకు గానీ అలవాటైందా? నలుగురిలో నా తల తీసేసినట్టయింది" అంది. రోజుకు సిగరెట్ పెట్టె ఖాళీ చేసే కొడుకును ఆవిడ ఏనాడూ ఆ మాట అడగలేదు. బడికెళ్ళే కూతురు మాత్రం దాపరికం లేకుండా చెప్పేసింది. "అమ్మా, నీ పక్కన పడుకోను. కంపు కొడుతున్నావ్." దిండు పట్టుకుని నాయనమ్మ గదిలోకి వెళ్ళిపోయింది.

ఒకరోజు కుర్రాడు ఎప్పటిలాగే ఊదాడు. "చెప్పండి వదినా."

తెల్లటి మబ్బు ఆమె మొహం మీదుగా సాగిపోయింది. ఏమీ తెలియలేదు. ఇంకోసారి ఊదమంది. ఆమె అలా అడగడం అదే మొదలు. వాడు సంబరంగా ఊదాడు. ఏమీ లేదు. "ద్రాక్ష" అంది నోటికొచ్చినట్టు. "తప్పు! కాఫీ!" అని అందరూ గొల్లుమన్నారు. ఆమె లోపలికి పరిగెత్తి ఇంగువ డబ్బా మూత తీసింది. వెల్లుల్లి చిదిపింది. ఆఖరికి కూతురి గౌను ముక్కుకు అదుముకుని, నేల మీద కూలబడిపోయింది. పుట్టిన నాటినుంచీ ఆ పిల్ల మెడ దగ్గర ఉండే పాలవాసన, ఎండలో ఆడి వచ్చినప్పటి చెమట వాసన, ఇక లేవు.

కొన్నాళ్ళుగా దగ్గు కూడా వదలకపోవడంతో ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ దగ్గు విని, గొంతు చూసి, "ఎన్నాళ్ళుగా తాగుతున్నారు?" అంది.

"నేను తాగనండీ. తాగేవాళ్ళ మధ్య కూర్చుని కూరగాయలు తరుగుతాను."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. పొగే కారణమని తను గట్టిగా చెప్పలేనంది, కాదనీ చెప్పలేనంది. వాసన తిరిగొస్తుందో రాదో తెలియదు, ముందు ఆ చోటు మారండి అంది.

ఇంటికొచ్చి చెప్తే భర్త పెద్దగా కంగారు పడలేదు. "ముక్కే కదా. కళ్ళూ కాళ్ళూ బానే ఉన్నాయిగా. ఎక్కడా అనకు, వంట చేసేదానికి వాసన తెలీదంటే హోటల్ మూసుకోవాల్సిందే" అన్నాడు. చోటు మార్చే మాట ఎత్తితే, "ఇప్పుడు వాళ్ళని లేపితే ఎదురు హోటల్‌కి పోతారు" అన్నాడు.

ఆనాటినుంచి గిన్నెల అక్క ముక్కే ఆమెకు ముక్కు. తడి చేతులతోనే వచ్చి మూత ఎత్తి చూసి, "మాడుతోంది, దించెయ్", "ఇంకా పచ్చివాసనగా ఉంది" అని చెప్పేది. అక్కకు దగ్గు ముదిరి రాలేకపోయిన రోజున పాప తల్లి వచ్చి చేపల సూప్ అడిగింది. ముక్కలు కంటికి బాగానే ఉన్నాయి. ఫ్రిజ్ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూసుకోలేదు.

మొదటి చెంచా పాప నోటికి పెట్టబోతూ ఆ తల్లి విసురుగా గిన్నె తోసేసింది. వంట చేసినావిడను పిలవండి అంది. హాలంతా చూస్తుండగా వదిన వచ్చి నిలబడింది.

"కుళ్ళు కంపు కొడుతోంది! మీకు తెలీలేదా?"

"తెలీలేదండీ."

"తెలీకపోవడమేంటి?"

భర్త నవ్వుతూ అడ్డొచ్చాడు. "జలుబండీ దానికి. నేను చెప్తూనే ఉన్నాను, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యవే అని." డబ్బులు వద్దన్నాడు. వదిన నోరు తెరిచింది. పాపను చూసి మూసేసింది. ఆ పిల్లకు ఏమన్నా అయ్యుంటే అన్న భయం పట్టుకుంది. తప్పు తనదే అన్నట్టుగా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం తీర్పు అత్తగారే చెప్పింది. "రేపట్నుంచి వంటకి వేరే మనిషిని పెడదాం. నువ్వు అంట్లు చూసుకో. గిన్నెలకి ముక్కెందుకు?" భర్తకు ఆ ఉపాయం నచ్చింది. అంటే ఇక పొద్దున్నుంచి రాత్రిదాకా పెరట్లోనే.

అంట్లు తోముతూ ఆమె ఆలోచిస్తూనే ఉంది. ఆయాసం ఉన్న పాపకు పొగ కూడదు, నిజమే. ఆ మాట అడిగిన తల్లీ మంచిదే. కానీ ఆ పొగ బోర్డు చూసి మాయమైపోయిందనుకున్నారా అందరూ? ఇల్లు ఊడ్చి చెత్తను పక్కింటి గుమ్మంలోకి తోసినట్టు, బల్ల ముందు కూర్చున్న ఊపిరితిత్తుల నుంచి పీట మీద కూర్చున్న ఊపిరితిత్తుల్లోకి తోశారు. చోటు మారమంది డాక్టరమ్మ. తన చోటు ఏదో ఎప్పుడూ ఇంకొకరే చెప్తూ వచ్చారు. పుట్టింట్లో, ఇక్కడ, ఈ తొట్టి దగ్గర. ఈసారి తనే చూసుకోవాలి. చల్లగా, పొగ లేకుండా ఉన్న చోటు ఈ ఇంట్లో ఒక్కటే ఉంది.

మర్నాడు అక్క పనికి తిరిగొచ్చింది. మధ్యాహ్నం, హాలు నిండుగా ఉన్నప్పుడు ఆమె లేచింది. "తొట్టి పట్టు అక్కా."

"ఎక్కడికే?"

"లోపలికి."

"నా పని పోతుంది."

"నీకిష్టం లేకపోతే వదిలెయ్. నేనే ఈడ్చుకుపోతాను."

అక్క కాసేపు దగ్గింది. తర్వాత తొట్టి రెండో అంచు పట్టుకుంది.

హాలు నడిమధ్య, బోర్డు ఎదురుగా తొట్టి దించారు. చెరో పీట వేసుకుని తోమడం మొదలుపెట్టారు. కుర్చీలు వెనక్కి జరిగాయి. "ఇదేంటి వదినా, అంట్లు ఇక్కడా?" అన్నాడు ఇనప కొట్టాయన. కిటికీ పక్క బల్ల దగ్గర, ఇవాళ్టి నుంచి కొత్త మనిషి వంట అని భర్త కబురు పెట్టి రప్పించిన పాప తల్లి ఉంది. వదిన ఆవిడ వైపు చూసింది. ఆవిడైనా ఎందుకని అడుగుతుందేమో అనుకుంది. ఆవిడ పాప కుర్చీని దూరంగా లాగి, "తినే చోట ఇదేం పనండీ? వీళ్ళని ఎవరైనా బయటికి పంపండి" అంది.

వదిన చేతిలో పళ్ళెం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తోమింది.

భర్త పరుగున వచ్చాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంచి, పళ్ళ బిగువున, "పరువు తీస్తున్నావ్, లే" అన్నాడు. వెంటనే అందరివైపూ తిరిగి గొంతు మార్చాడు. "ఒక్క నిమిషమండీ, ఇప్పుడే పెరట్లోకి పంపించేస్తాను."

ఆమె లేవలేదు. గొంతు బొంగురుగా ఉన్నా హాలంతా వినపడింది.

"పంపితే పొగని పంపండి. ఈసారి మనుషులు లేని చోటు చూసి పంపండి."