రోజుకో మెట్టు

వంటింటి బల్ల మీద దరఖాస్తు పరుచుకుని కొడుకు రాస్తున్నాడు. పక్కన కూర్చుని కోడలు, దరఖాస్తుకి పేజీకి పేజీ సరిపోయే నిబంధనల పుస్తకం చదివి వినిపిస్తోంది. తల్లి పొయ్యి దగ్గర నిలబడి, పాలు పొంగిపోతాయేమోనని వాటినే కళ్లార్పకుండా చూస్తోంది. ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. కాకపోతే ఆ వంటింటి అడుగున, నేలమాళిగలో, తొమ్మిది పీపాల ద్రాక్షరసం పులుస్తోంది. మాటలు ఆగితే చాలు, కింద బుడగల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో ఒళ్లెరగకుండా నిద్రపోతూ ఊపిరి తీస్తున్నట్టు.

"పదకొండో పేజీ," అంది కోడలు. "వైన్ పులియబెట్టే గదిలో, నేలకు జానెడు ఎత్తున, బయటికి తెరుచుకునే గాలికంత ఉందా?"

"ఉంది. ఆ పాత అల్మారా వెనకాల. చిన్నప్పుడు దాంట్లోంచి వెనక సందులోకి గోలీలు దొర్లించేవాణ్ణి."

తల్లి చేతిలో గరిటె ఆగింది.

"గాలి చెడితే మోగే అలారం ఉందా?"

"మా అమ్మ ఉందిగా!" అంటూ అదే రాసి పెట్టాడు.

కోడలు కిసుక్కున నవ్వింది. "ఊరుకోండి, అత్తయ్య వింటారు."

"విననీ. గాలి చెడకముందే మోగే అలారం లోకంలో అదొక్కటే."

ఆ ఇంట్లో ఆమె బిరుదే అది. కొడుకు గడప దాటితే చాలు, ఆమె కళ్ల ముందు లారీ కదులుతుంది. ఫోను వరసగా రెండుసార్లు మోగితే ఎవరికో మూడిందనుకుంటుంది. కరెంటంటే మరీ హడలు. తడి నేలమాళిగలో స్విచ్చు ముట్టుకుంటే మనిషి మిగలడని, ఎప్పుడు దిగినా కొవ్వొత్తి వెలిగించుకునే దిగుతుంది.

"ఇరవై రెండో పేజీ. ఈ స్థలంలో ఇదివరకు ఏదైనా ప్రమాదం జరిగిందా?"

"లేదు," అంటూనే రాసేశాడు కొడుకు. "చుక్క అమ్మకముందే ఇన్ని ప్రశ్నలా? వైన్‌కి కాదు, మన ఓపికకి ఇస్తున్నారు లైసెన్సు."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. కళ్లు వాటి మీదే ఉన్నా ఆమె చూడలేదు.

ఆ మధ్యాహ్నం బంగాళాదుంపల కోసం ఆమె కిందికి దిగింది. బుట్ట మెట్ల కింద ఉంటుంది. మొత్తం పదకొండు మెట్లు. చివరి మెట్టు మీద నిలబడి బుట్టలోకి వంగేసరికి చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది. గాలి లేదు. మంట రెపరెపలాడనూ లేదు. ఎవరో రెండు వేళ్లతో నొక్కేసినట్టు నిమ్మళంగా ఆరింది. చేతికందిన నాలుగు దుంపలు కొంగులో వేసుకుని పైకి పరిగెత్తింది.

మర్నాడు వంగాల్సిన పని కూడా లేకపోయింది. చివరి నుంచి రెండో మెట్టు మీద, మోకాలి దగ్గర పట్టుకున్న కొవ్వొత్తి ఆరింది. ఆ మర్నాడు మూడో మెట్టు. వెలుగున్న ఆ కాస్తసేపట్లో కింద చూస్తే, చిన్న ఈగలు నేల మీద నల్లగా పరుచుకుని చచ్చి ఉన్నాయి. పై మెట్ల మీద ఒక్కటీ లేదు. ఇంటి పిల్లి ఆమె వెనకే దిగి, సగంలో ఆగి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఖాళీ చీకట్లోకి చూసి అరిచి వెనక్కి పోయింది.

నాలుగోనాడు నాలుగో మెట్టు.

అక్కడ ఏదో ఉంది. అది రోజుకో మెట్టు చొప్పున పైకి వస్తోంది.

"అత్తయ్యా, దుంపలు తెమ్మంటే ఖాళీ చేతుల్తో వచ్చారేంటి?"

"అయిపోయాయమ్మా."

"నిన్న బుట్టెడున్నాయి కదా!"

ఆమె గబగబా పొయ్యి వైపు తిరిగింది. ఏమని చెప్పాలి? మీ మామగారు కింద ఉన్నాడు, మెట్లెక్కి వస్తున్నాడు అనా? పన్నెండేళ్ల కిందట ఆయన ప్రాణం పోయింది ఆ నేలమాళిగలోనే. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె, రెండోవాడు మరిది. ఆ మరిది కూడా పోయిన ఏడాదే పోయాడు. కొడుక్కి తెలిసిందల్లా, నాన్న వంటింట్లో నీళ్లు తాగుతూ గుండె ఆగి పోయాడని.

కొడుకు రోజుకి మూడుసార్లు దిగి, పీపాల్లో పైకి తేలిన ద్రాక్ష తొక్కల్ని కర్రతో అదిమి వస్తున్నాడు. పొడగరి కాబట్టి నిలబడే పని చేస్తాడు. పైకి వచ్చి నుదురు పట్టుకుని కూర్చుంటున్నాడు. "తల పగిలిపోతోందమ్మా. ఆ దరఖాస్తు రాసీ రాసీ వచ్చిన నొప్పి," అని నవ్వుతున్నాడు. "రేపటితో పీడా పోతుంది. ఇన్‌స్పెక్టరు వస్తారు. పీపా అడుగు కుళాయి దగ్గర కూర్చుని ఒక సీసా నమూనా పట్టిచ్చేస్తే అయిపోయినట్టే."

అడుగు కుళాయి. పన్నెండేళ్ల కిందట ఆయన ఆమెకు కనిపించింది అక్కడే. గొంతుక్కూర్చుని, నుదురు పీపాకి ఆనించి, రుచి చూస్తూ కునుకు తీసినట్టున్నాడు. చేతిలో గ్లాసు అలాగే ఉంది, చుక్క ఒలకలేదు.

ఇన్‌స్పెక్టరు పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, భుజాన ఒక సంచి. కొడుకు సీసా పట్టుకుని హుషారుగా ఎదురెళ్లాడు.

"ముందు నమూనా పట్టేస్తా మేడం, మీరు నిదానంగా దిగండి."

అతను మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, తల్లి వెనక నుంచి చొక్కా పట్టుకుంది. గుండీ తెగి మెట్ల మీద దొర్లుకుంటూ చీకట్లోకి పోయింది.

"దిగకురా! నీకు దణ్ణం పెడతా, దిగకు."

"అమ్మా! మేడం ముందు ఏంటిది? ఏమనుకోకండి మేడం, మా అమ్మ అంతే. వానొస్తే ఇల్లు కొట్టుకుపోతుందంటుంది."

"నవ్వుకోరా, నాకేం! కొవ్వొత్తి ఆరిపోతోంది. సోమవారం కింది మెట్టు మీద ఆరింది. నిన్న నాలుగో మెట్టు. ఇవాళ అయిదో మెట్టు మీద ఆరుతుంది, చూసుకో!"

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. సంచిలోంచి ఒక డబ్బా తీసింది. దాన్లో కొవ్వొత్తి, పైన పొడుగాటి దారం. "నా దగ్గర గాలి కొలిచే మీటరు ఉంది బాబూ. కానీ మీటరు చెబితే నువ్వు నమ్మవు." వెలిగించి, మెట్ల పక్కన మెల్లగా కిందికి వదిలింది. తల్లీ కొడుకూ కోడలూ వంగి చూశారు. పసుపుపచ్చని మంట ఒక్కో మెట్టూ దాటుతూ దిగింది. కింద నుంచి అయిదో మెట్టు దగ్గర చిక్కిపోయింది, నీలంగా అయింది, మరుక్షణం లేదు. సన్నటి పొగ మాత్రం పైకి రాకుండా, నీటి మీద తేలినట్టు అక్కడే పరుచుకుని ఆగింది.

కోడలు గట్టిగా మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఆయనేనా?" అంది తల్లి సన్నగా.

"ఎవరమ్మా?"

"మా ఆయన."

ఇన్‌స్పెక్టరు ఆమె వైపు తిరిగింది. "కాదమ్మా. రసం పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు విడుస్తుంది. మామూలు గాలి కన్నా బరువు. కంటికి కనిపించదు, అడుగున నీళ్లలా నిండుతుంది. దాంట్లో కూర్చున్నవాడు రెండు మూడు సార్లు ఊపిరి తీసేలోపే ఒరిగిపోతాడు. కేక కూడా పెట్టలేడు. అది బయటికి కారిపోవడానికే నేల దగ్గర కంత ఉండాలన్నాం. మీ దరఖాస్తులో ఉందని రాశారు. ఎక్కడ?"

"ఉంది మేడం, అల్మారా వెనక..."

"లేదు," అంది తల్లి. "నేనే మూసేశాను."

ఆమె అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. పన్నెండేళ్లుగా బిగబట్టినది ఒక్కసారిగా బయటపడింది.

"అప్పట్లో మాకు లైసెన్సు లేదు. తీసుకుంటే పదిమంది వచ్చి చూస్తారు, మనకెందుకనేవాడాయన. ఒకరోజు వెనక సందులో ఎవరో, మీ గోడ దగ్గర నిలబడితేనే మత్తెక్కుతోందమ్మా అన్నారు. నాకు చేతులూ కాళ్లూ ఆడలేదు. పట్టుకుపోతారేమోనని, ఇటుకలు పెట్టి నేనే సిమెంటు మెత్తాను. మంచి పని చేశావన్నాడాయన. మూడోరోజుకి కుళాయి దగ్గర... నేనూ మరిదీ పైకి మోసుకొచ్చాం. వైన్ వాసన వస్తోందని చొక్కా మార్చాం. వంటింట్లో పడుకోబెట్టి డాక్టరుని పిలిచాం. ఆ డాక్టరు గుండెజబ్బని రాసుకుని వెళ్లిపోయాడు."

కొడుకు చేతిలో సీసా అలాగే ఉంది. "నాన్నకి గుండెజబ్బు లేదా?"

"ఎక్కడిదిరా? మెట్లు రెండేసి ఎక్కేవాడు."

"నాకూ వస్తుందని ఏటా నాకు పరీక్షలు చేయించావు కదమ్మా!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు కోపంతో అరుస్తాడనుకుంది. అతను వచ్చి పక్కనే, ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

ఆ ఇల్లు వాలు మీద ఉంది. నేలమాళిగ వెనక గోడ సందులోకి ఉంటుంది. నలుగురూ చుట్టు తిరిగి అక్కడికి వెళ్లారు. సిమెంటు మచ్చను ఆమే వేలు పెట్టి చూపించింది. కొడుకు ఉలితో కొట్టాడు. మొదటి ఇటుక ఊడిపడగానే ఇన్‌స్పెక్టరు అగ్గిపుల్ల గీసి కంత దగ్గర పెట్టింది. ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ ఆరిపోయింది. లోపలి నుంచి పుల్లటి వాసనతో ఏదో పొడుగాటి ఊపిరి వాళ్ల కాళ్ల మీదుగా సందులోకి పారింది. తల్లి చీరె కుచ్చిళ్లు కదిలాయి. ఆమె రెండు చేతులూ జోడించింది, ఎవరికో ఆమెకే తెలియాలి.

"మనుషులు రూలంటే భయపడి దాస్తారు," అంది ఇన్‌స్పెక్టరు. "దాచింది మాదాకా రాదు. మాదాకా రానిది పుస్తకంలోకి ఎక్కదు. ఎక్కడో ఒక ఇల్లాలు నోరు విప్పి నిజం చెప్పబట్టే ఆ పదకొండో పేజీ పుట్టింది. ఇవాళ మీ అబ్బాయిని ఆపింది కూడా అదే, మీరు నోరు విప్పడం."

వంటింట్లోకి రాగానే తల్లి దరఖాస్తు అడిగి తీసుకుంది. ఇరవై రెండో పేజీ తిప్పింది. చదువు అయిదో తరగతితో ఆగిన చెయ్యి కలాన్ని గట్టిగా నొక్కి పట్టింది. 'లేదు' కొట్టేసి, 'జరిగింది' అని రాసింది. కింద భర్త పేరు, పోయిన తేదీ.

"దీంతో లైసెన్సు రెండు నెలలు వెనక్కి పోతుందమ్మా. విచారణ ఉంటుంది. మిమ్మల్నీ అడుగుతారు," అంది ఇన్‌స్పెక్టరు.

"అడగనీ తల్లీ."

కొడుకు పదకొండో పేజీ కూడా తిప్పి, అలారం దగ్గర రాసిన వేళాకోళం చూసుకున్నాడు. కొట్టెయ్యడానికి కలం తీశాడు కానీ, ఇవాళ మోగిన అలారం అమ్మే కదా అనిపించి కలం పక్కన పెట్టేశాడు.

కింద పీపాలు ఊపిరి తీస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఊపిరికి బయటికి దారి ఉంది. చదివే అమ్మలారా, అయ్యలారా, మీ ఇంట్లోనూ మీరు పని చేసే చోటా భయపడి మూసేసిన కంత ఏదైనా ఉంటే ఇవాళే తెరవండి. దాచిపెట్టిన ప్రమాదం చచ్చిపోదు, మన పిల్లల కోసం రోజుకో మెట్టు ఎక్కుతూ వస్తుంది.