పన్నెండో ప్రింటు

ఫోనులో మేనకోడలు ఏడుస్తోందో నవ్వుతోందో పెద్దాయనకు వెంటనే అంతుపట్టలేదు.

"మామయ్యా, అమ్మ సినిమా దొరికింది! టీవీలోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చట. నువ్వొచ్చేదాకా ముట్టుకోను. చొక్కా తగిలించుకుని వచ్చెయ్."

ఆమెకు యాభై ఒకటో ఏడు. తల్లి పోయేనాటికి పదినెలల పసిగుడ్డు. తల్లివి మూడు ఫొటోలు మిగిలాయి గాని గొంతు మిగల్లేదు. మనుషుల మాటలను పట్టి దాచే పరికరం ఆ రోజుల్లో వాళ్ళ ఇంట్లో లేదు. అయితే ఆ తల్లి ఒకే ఒక్క సినిమాలో, ఒకే ఒక్క సన్నివేశంలో నర్సు వేషం వేసి నాలుగు మాటలు మాట్లాడింది. తండ్రి తరఫువాళ్ళు అదీ నమ్మలేదు. "సినిమాతారేనమ్మా మీ అమ్మ, కాకపోతే తెర వెనక" అని నవ్వేవారు. పిల్ల ఏడ్చినప్పుడల్లా "నీకు చూపిస్తానుగా" అని మాట ఇచ్చింది ఈ మేనమామే.

ఆ సినిమాను పంపిణీ చేసిన కంపెనీలో ఆయన రిప్రజెంటేటివ్. ప్రింటు పెట్టెతోపాటు బస్సెక్కడం, అది ఆడినన్నాళ్ళు ఆ హాల్లోనే మకాం వెయ్యడం, ఆట ఎత్తేశాక పెట్టెను ఇంకో ఊరికి చేర్చడం ఆయన పని. వీడియో క్యాసెట్లు వచ్చి ఆ ఉద్యోగాన్ని మింగేశాయి. క్యాసెట్లను డిస్కులు మింగాయి. డిస్కులు ఎప్పుడు మాయమయ్యాయో ఎవరూ గమనించలేదు. మేనకోడలి కోసం ఆయన అద్దె క్యాసెట్ల కొట్లు, బళ్ళ మీది డిస్కుల గుట్టలు, కేబులు వాళ్ళ గదులు అన్నీ గాలించాడు. ఎక్కడికెళ్ళినా "నిన్నటిదాకా ఉందండీ" అనేవారు.

బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాడు. మొక్కుకునే అలవాటు లేని మనిషికి లెక్కే దిక్కు. మొత్తం పన్నెండు ప్రింట్లు. వాటిలో ఒకదాన్ని ఆయనే కోశాడు.

అది ఒక చిన్న హాల్లో జరిగింది. రోజుకు నాలుగాటలు పట్టాలంటే సినిమా ఇరవై నిమిషాలు తగ్గాలన్నాడు మేనేజరు. "పాటల జోలికి పోకు, ఫైట్ల జోలికి పోకు. ఏడుపులు కొయ్యి, జనానికి ఇంటిదగ్గర బోలెడున్నాయి" అన్నాడు. కత్తెర పట్టుకున్నాక ఆయన మొదట తీసేసింది అక్క సన్నివేశమే. తన అక్కగనక ఉంచుకున్నాడనే మాట పడకూడదని. సంగతి చెబితే అక్క పడీపడీ నవ్వింది. "ఒరే తమ్ముడూ, పదకొండింట్లో ఉన్నాను కదరా, ఒకదాంట్లో లేకపోతే కొంపలేం మునగవులే."

కోసిన ముక్కలను పెట్టె ఊరు దాటేముందు మళ్ళీ అతికించాలన్నది కంపెనీ నియమం. మరో హాలుకు రమ్మని కబురొస్తే, ముక్కలు అతికించకుండానే ఆ పెట్టెను మేనేజరుకు అప్పగించి వెళ్ళిపోయాడు. హక్కుల గడువు తీరాక ప్రింట్లను గొడ్డలితో నరికిస్తారు, దొంగాటలు ఆడకుండా. గోదాములో చీకటిగా ఉంది. పన్నెండూ నరికించినట్టు, లెక్కపెట్టకుండానే, సంతకం పెట్టాడు. ప్రింట్లు తీసే అసలు నెగటివు ల్యాబులోనే పాడైపోయిందని తరవాత విన్నాడు. అంటే ఇప్పుడు టీవీలో కనబడేది నరకకుండా తప్పిపోయిన ప్రింటే. అది తను కోసినదే అయ్యే అవకాశం పన్నెండింట ఒక్కటి.

మేనకోడలు ఇస్త్రీచీర కట్టుకుని, సోఫాలో తన పక్కన చోటు ఉంచింది. ఆమె భర్త కిటికీ తెరలు దించాడు. "మామయ్యగారూ, గేటు దగ్గర టికెట్టు చింపించుకున్నారా?" అన్నాడు.

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా?" అంది ఆమె, తెరమీదనుంచి చూపు తిప్పకుండా.

గంటపైన గడిచింది. నాయిక ఆసుపత్రి మంచమ్మీద పడుకుంది.

"ఇదేగా?"

"ఇదే."

తలుపు తెరుచుకోవడం మొదలైంది. మరుక్షణం నాయిక తన ఇంటి వరండాలో నిలబడి ఉంది.

మేనకోడలు వెనక్కి తిప్పింది. తలుపు, వరండా. మళ్ళీ తిప్పింది.

ఆయనకు తిప్పనక్కరలేకపోయింది. తలుపు కదలిక మీద కత్తెర వెయ్యడం ఆయన పద్ధతి. చూసేవాళ్ళ కన్నుకు అందదని గర్వపడేవాడు. లెక్క ఎక్కడ తప్పిందో కూడా అప్పుడే బోధపడింది. పన్నెండింట ఒక్కటి అనడమే పొరపాటు. శ్రద్ధగా చూసుకున్న ప్రింట్లన్నీ వేళకు గోదాము చేరి గొడ్డలి కింద పడ్డాయి. తను గాలికి వదిలేసిన పెట్టె ఒక్కటే వెనక్కి రాలేదు, అందుకే బతికింది. ఏ క్యాసెట్టు చేసినా, ఏ డిస్కు చేసినా దానినుంచే.

"అయితే వాళ్ళన్నదే నిజమా మామయ్యా?" అంది ఆమె. "అమ్మ అసలు వెయ్యనే లేదా?"

ఊరుకుంటే తను దక్కుతాడు. కాని అక్క అబద్ధమై పోతుంది.

"వేసిందమ్మా. నేనే కోసేశాను," అని మొదటినుంచీ చెప్పాడు. వింటున్నంతసేపూ ఆమె రిమోటును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏం మాట్లాడింది?"

"'భయపడకండి. డాక్టరుగారు వస్తున్నారు. కిటికీ తియ్యనా? కొంచెం గాలి వస్తుంది.' అంతే."

"మాటలు కాదు. గొంతు. ఎలా ఉండేది?"

"సన్నగా..." అన్నాడు. "కాదు, అంత సన్నం కాదు. కొంచెం..."

చెవిలో వెతుక్కున్నాడు. మాటలున్నాయి. 'ఒరే తమ్ముడూ' అన్న పిలుపూ ఉంది. అది పలికేది మాత్రం తన గొంతే.

"నీ గొంతులాగే ఉండేది తల్లీ," అన్నాడు చివరికి.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "నీకు అబద్ధం చెప్పడం రాదు మామయ్యా. ఆ గొంతు నీ చెవిలోంచి ఎప్పుడు పోయింది?"

"తెలీదు. ఉందనే అనుకున్నాను."

భర్త లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తోసెయ్యలేదు, పట్టుకోనూలేదు. టీవీ కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు. తెరమీద నాయిక కోలుకుంది. ఎవరో ఏదో అంటే నవ్వింది. ఆ నర్సు లేనందువల్ల కథకు ఎక్కడా లోటు రాలేదు.