కూర్మారావు కడుపులో పాలియెస్టర్

బరంపురం బట్టల బజారులో కూర్మారావు అగ్గిపెట్టె తెలియనివాళ్ళు లేరు. కొనడానికొచ్చిన మనిషి చీర మీద చెయ్యి వేసి "ఇది అసలు పట్టేనా, సావుకారూ?" అందో లేదో, ఆయన మారు మాట్లాడకుండా అంచులోంచి ఒక పోగు లాగి, పుల్ల గీసి కాల్చి, ఆవిడ ముక్కు దగ్గర పెట్టేవాడు. జుట్టు కాలిన వాసన. వేళ్ళ మధ్య నలిపితే బూడిద. అసలు పట్టుకి గుర్తులవే. ఆ వాసనకి గంజాం జిల్లా అంతా తల ఊపింది. ఎప్పుడూ అంచులోంచే ఎందుకు లాగుతాడని ఎవరూ అడగలేదు. అడిగుంటే, అంచు దాటాక లోపల ముప్పాతిక పాలియెస్టరేనని తేలిపోయేది. కానీ అంతటి సత్యసంధుడి మీద అనుమానపడిన పాపం ఎవరు మూటగట్టుకుంటారు?

అలాంటి కూర్మారావు ఒక మధ్యాహ్నం దాల్మా పప్పు, అన్నం దండిగా తిని నడుం వాల్చాక, బొడ్డు పైన ఏదో దబదబ కొట్టుకుంటోందని గమనించాడు. బరంపురంలో ఏ రోగమైనా మొదట గ్యాసే. సోడా తాగాడు, వాము నమిలాడు, సిగరెట్టు పడితే గ్యాసు దిగుతుందని రోజూ కాల్చేదానికన్నా ఎక్కువే కాల్చాడు. ఆ కొట్టుకోవడం మాత్రం ఆగలేదు. చివరికి భార్య పద్మావతి చెయ్యి పెట్టి చూసింది.

"ఏటండీ ఇది, గుండె ఇక్కడికెప్పుడు దిగిపోనాది?" అంది. మర్నాడే ఆసుపత్రికి లాక్కుపోయింది.

స్కాను చూసిన డాక్టరు శివరామ్ చల్లగా మాట్లాడే మనిషి. "పొట్టలో పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. బాగా పెద్దదైపోయింది. పగిలిందంటే ఇక్కడిదాకా తీసుకొచ్చే వ్యవధి కూడా ఉండకపోవచ్చు" అన్నాడు.

"అయితే కడుపు కోసెత్తారా?"

"అక్కర్లేదండీ. గజ్జల దగ్గర రెండు చిన్న గాట్లు, అంతే. అందులోంచి మడిచిన గుడ్డ గొట్టం ఒకటి నాళంలోకి పంపి, ఉబ్బిన చోట విప్పుతాం. ఇక రక్తం ఆ గొట్టంలోంచే పోతుంది. ఉబ్బు మీద ఒత్తిడి పడదు."

ఇంకో మనిషైతే అక్కడే దేవుడికి దణ్ణం పెట్టేవాడు. కూర్మారావు చెవిన పడింది ఒక్క ముక్కే.

"గుడ్డంటే ఏ గుడ్డ?"

"పాలియెస్టర్."

డాక్టరు సొరుగులోంచి నమూనా తీసి చేతికిచ్చాడు. సన్నటి తీగల చట్రానికి కుట్టిన తెల్లటి గొట్టం. కూర్మారావు దాన్ని వేళ్ళతో నలిపి చూసి, నేత దిట్టంగానే ఉందని మనసులో ఒప్పుకున్నాడు. అయినా చెయ్యి ఊరుకోదు కదా. పోగు లాగాడు, పుల్ల గీశాడు. దారం కరిగి నల్లటి పూస అయింది.

"సూడండి బాబూ, పూసైపోనాది. అసలు సరుకైతే బూడిదవ్వాల" అన్నాడు.

డాక్టరు ముందు కిటికీ తెరిచి, తర్వాత కోప్పడ్డాడు. కూర్మారావు అదేమీ పట్టించుకోలేదు.

"పుట్టినకాడినుంచి పట్టు యాపారంలో ఉన్నోణ్ణి. నా కడుపులో పాలిస్టరు ఎడతారా? కొలతలియ్యండి. మా నేతగాడు ధనరాజు సేత పట్టుగొట్టం నేయించి తెత్తాను."

"పట్టు ఒంట్లో నిలవదండీ. పురుగు కట్టిన దారం కదా, శరీరం మెల్లగా అరిగించేస్తుంది. ఇదైతే ఉంటుంది. కడుపు కోసి చేసినా పెట్టేది ఇలాంటి గుడ్డే."

కూర్మారావు లేచి వచ్చేశాడు. నిజానికి ఆయనకి ప్రాణభయం. భయమని చెప్పుకుంటే పరువు పోతుంది, పాలియెస్టర్ అని చెప్పుకుంటే పరువు పెరుగుతుంది. పెరిగింది కూడా. చావనైనా చస్తాడు గానీ కల్తీ సరుకు ముట్టడని బజారంతా చెప్పుకుంది. బుడగ మాత్రం ఎవరి పొగడ్తా వినకుండా తన పని తాను చేసుకుపోతోంది.

మార్గశిరం మొదటి లక్ష్మివారం వచ్చింది. పద్మావతి లక్ష్మీపూజ ముగించి, కలశానికి కట్టిన చీర విప్పి తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. ఏళ్ళ కిందట కొట్లోంచి ఆయనే స్వయంగా తెచ్చి ఇచ్చిన చీర. దాని మీద అగ్గిపెట్టె పెట్టింది.

"పోగు లాగండి. అంచులోంచి కాదు, నడిమిలోంచి."

కూర్మారావు అగ్గిపెట్టెని పక్కకి జరిపాడు.

"పోనీ లాగొద్దు. ఇదిగో సూడండి" అని ఆవిడ మడత విప్పింది. చీర నడుమ చిన్న కన్నం, దాని చుట్టూ గట్టిపడిన నల్లటి పూసలు. "ఎప్పుడో కర్పూరం రవ్వ పడ్డాది. నానూ సావుకారింటి ఆడపడుసునే, అదేటో ఆ రోజే తెలిసిపోనాది."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, ఇల్లాలు పడుతుంది.

"లచ్చిమే కట్టుకుని ఇన్నాళ్ళు ఊరుకున్నాది. మీ కడుపుకేటండీ అంత పెద్దరికం?" అంది పద్మావతి. "మీ పరువు కోసం ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. మీ పేణం కోసం మూసుకోను. మీరు లేకపోతే నానుండలేను."

కూర్మారావు ఆ కన్నం చుట్టూ పూసల్ని వేలితో తడిమాడు. "నాకు బయంగా ఉందే" అన్నాడు చివరికి. పద్మావతి ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ఆపరేషను నాడు నడుం కింద మాత్రమే మత్తిచ్చారు. తన లోపల గొట్టం విచ్చుకోవడం ఎదుట టీవీ తెర మీద కనిపిస్తుంటే ఆయన మెలకువగానే ఉన్నాడు.

"ఇప్పీసేరా బాబూ?"

"విప్పాం."

"ముడతలేవీ లేవు కదా?"

డాక్టరు శివరామ్ మాస్కు వెనక నవ్వాడు. లేవన్నాడు.

నెల దాటకముందే కూర్మారావు కొట్లో కూర్చున్నాడు. బరువులెత్తొద్దన్నారు కాబట్టి పక్కన పద్మావతి కూడా కూర్చుంది. పురుషోత్తంపూర్ నుంచి పుణ్యవతి అనే ఆవిడ చీరలకొచ్చి, అడగాల్సిన ప్రశ్న అడిగింది. కూర్మారావు చెయ్యి అలవాటుగా అంచు మీదికి పోయింది, అక్కడే ఆగింది. పద్మావతి తలెత్తలేదు. ఆ చెయ్యి నెమ్మదిగా నడుమకి జరిగి, పోగు లాగి, పుల్ల గీసింది.

"ఇదేటి సావుకారూ, పూసైపోనాది?"

"మిక్సు, అమ్మా. పట్టు కొంచిం, పాలిస్టరు శానా." ఆయన గొంతు సవరించుకున్నాడు. వ్యాపారి వ్యాపారే. "కానీ సిరగదు. నా కడుపులో ఉన్నాదీ ఇదే రకం. రాత్రీ పగలూ రగతం తన్నుతున్నా సెక్కు సెదరలేదని డాక్టరే సెప్పేడు."

పుణ్యవతి ఆయన పొట్ట వైపు చూసింది, చీర వైపు చూసింది. "అయితే రెండియ్యి" అంది.

ఆవిడ వెళ్ళాక కూర్మారావు ఉప్పొంగిపోయాడు. "నిజం సెప్పినా అమ్ముడవుతాదని ముందే తెలిత్తే మొదటినుంచీ అదే సెప్పీసుందునే."

"సంతోషం. రేపు ఆఖరి లక్ష్మివారం. లచ్చిమికి ఒక్క అసలుది తియ్యండి" అంది పద్మావతి.

కూర్మారావు ఉత్సాహంగా లేచి, అగ్గిపెట్టె పుచ్చుకుని గోదాంలోకి వెళ్ళాడు. ఒక్కొక్క చీరే నడుమ పోగు లాగి కాల్చి చూస్తుంటే పూస మీద పూస పడుతోంది. కాసేపటికి ఇంకో అగ్గిపెట్టె ఉంటే ఇమ్మని లోపల్నుంచి అడిగాడు.