వాగు ఎర్రబడని రోజు

ఏడో బస్తా మూతి విప్పేసరికి సున్నపాయన మీసం పూర్తిగా తెల్లబడింది. పొద్దున షెడ్డులోకి వెళ్లేటప్పుడు అక్కడక్కడా కాస్త నలుపుండేది. పొడి లేచాక ఆ కాస్తా పోయింది. ముక్కుకి గుడ్డ కట్టుకోమని భార్య రోజూ చెబుతుంది, ఆయన రోజూ మరిచిపోతాడు. బస్తాని పొట్టకు ఆనించి, మోకాలితో ఎగదోసి, తొట్టి అంచు మీద బోర్లించాడు. లోపల తిరిగే రెక్క సున్నాన్ని నీళ్లలో కలిపి గని కాలువలోకి వదిలింది.

ఆ కాలువ నీళ్లు కొండమీది పాత గనిలోంచి తుప్పు కడిగినట్టు ఎర్రగా వస్తాయి. సున్నం తగలగానే ఎరుపంతా ముద్దకట్టి పెద్ద గుంటలో అడుక్కి దిగుతుంది; పైన తేరిన నీళ్లు వాగులోకి జారతాయి. పంతొమ్మిదేళ్లుగా ఆయన ఉద్యోగం ఇదే. ప్రమోషను లేదు, బదిలీ లేదు, కనీసం ఎవరైనా పేరుపెట్టి పిలిచిందీ లేదు. అసలైతే ముప్ఫయ్యేడేళ్ల కిందట ఆయన గనిలోనే చేరాడు. చేరిన తొమ్మిదో రోజున కంపెనీ మూతపడింది. పంపులు ఆగాయి, సొరంగాలు నిండాయి, ఓ వానాకాలం ఎరుపంతా వాగులోకి దిగింది. చిన్నప్పుడు ఈతలు కొట్టిన వాగు ఎర్రవాగైపోయింది. సర్కారు ఈ సున్నం షెడ్డు పెట్టడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది.

"ఏట్లో చింతపండు పిసికినట్టుంది బావా, నీ ఉద్యోగం" అంటాడు బావమరిది ఎప్పుడు కనబడ్డా.

"చింతపండు కాదురా, సున్నం" అంటాడు ఈయన.

చేత్తో కలిపినన్నాళ్లూ ఎరుపు సగమే దిగేది. కిందటేడు, షెడ్డుకి సున్నం కలిపే కొత్త మిషను వచ్చాక, వాగు మొదటిసారి తేటగా పారింది. వంతెన దగ్గరి జనం సంతోషించారా? అబ్బే! పుట్టింది మొదలు ఎర్రటి నీళ్లే చూసినవాళ్లు కదా. "వాగు రంగు పోయిందండీ, ఎవరో ఏదో కలిపేశారు" అని ఆఫీసుకి ఫిర్యాదు చేశారు.

అందుకే పదకొండు రోజుల కిందట మూడో మలుపు దగ్గర వేలెడంత చేపపిల్లలు కనబడితే, నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు. భార్యకి మాత్రం చెప్పాడు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పాపం, ఈసారి ఎలాగో బిగబట్టుకుంది.

తొమ్మిదింటికి వ్యాను వచ్చింది. మూతపడ్డ గనులు పాడుచేసిన వాగు మీద పన్నెండు నిమిషాల సినిమా తీస్తారట. డైరెక్టరమ్మాయి, ఒక కెమెరా అతను, అంతే. కెమెరా సంగతి తెలిసి భార్య టిఫిను డబ్బా వంకతో రోజూకంటే మూడు గంటలు ముందే వచ్చేసింది, ఇస్త్రీ చీరలో.

"బాబాయ్‌గారూ, వాగు వైపు కాస్త బాధగా చూడండి" అంది అమ్మాయి.

ఆయన శాయశక్తులా ప్రయత్నించాడు. పన్నునొప్పి వచ్చినవాడిలా అయింది మొహం. భార్య పక్కున నవ్వింది.

"మీకు బాధపడటం కూడా రాదేంటండీ? ఇన్నేళ్ల కాపురంలో నేనేం నేర్పినట్టు!"

ఆయనా నవ్వేశాడు. కెమెరా అతను నవ్వాపుకోలేక కెమెరా ఆపాడు. అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. ఎర్రటి వాగు తీద్దామని ఆరు గంటలు ప్రయాణం చేసి వస్తే, కాళ్ల ముందు గాజులా మెరిసే నీళ్లు! పక్కకెళ్లి ఎవరికో ఫోన్ చేసింది. కాసేపటికి ఆయన ఫోను మోగింది. ఇంజనీరు.

"ఒక్క గంట మిషను ఆపవయ్యా. వాళ్లకి వంతెన దగ్గర వాగు ఎర్రగా కావాలట. సినిమా బాగుంటే మనకీ మంచిదే."

పంతొమ్మిదేళ్లలో ఇంజనీర్లు ఐదుగురు మారారు. ఐదుగురికీ ఆయన చెప్పిన మాట ఒకటే: అలాగే సార్.

"కుదరదు సార్."

"ఏంటీ?"

"కుదరదు సార్. చేపలున్నాయి."

"ఎర్రవాగులో చేపలా? మతిగాని పోయిందా నీకు? ఆపకపోతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు!"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ మాటలన్నీ వింది. "ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. మీరు బస్తా ఎత్తండి" అంది. ఆయన ఎనిమిదో బస్తా ఎత్తాడు.

"గంటే కదా బాబాయ్‌గారూ. ఎర్రగా కనబడకపోతే జనం నమ్మరు" అంది అమ్మాయి, బతిమాలుతున్నట్టు.

"వాగుకి గంటేనమ్మా. ఆ చేపలు చావడానికి ఆ గంట చాలు. రా, నువ్వే చూద్దువుగాని."

మూడో మలుపు దగ్గర ఇద్దరూ బండ మీద బోర్లా పడుకున్నారు. ముందు ఏమీ కనబడలేదు. ఇంజనీరన్నట్టు మతే పోయిందేమోనని ఆయన ఇంకాస్త ముందుకి జరిగాడు. అంతలో రాయి నీడలో ఒక తోక కదిలింది. దాని వెనక ఇంకోటి.

"ఏడు... ఎనిమిది... అయ్యో, కదిలిపోయాయి! మళ్లీ మొదట్నుంచి" అని వేళ్లు మడుస్తూ చిన్నపిల్లలా నవ్వింది అమ్మాయి. అక్కడే పడుకుని ఇంజనీరుకి ఫోన్ చేసింది. "సార్, ఎరుపు పైన గని నోటి దగ్గర బోలెడుంది. ఎక్కి తీసుకుంటాం. మిషను జోలికి వెళ్లొద్దు. బాబాయ్‌గారి జోలికి కూడా. సినిమాలో ఆయనే హీరో."

హీరో అనేసరికి సున్నం చాటున ఆయన మొహం కందగడ్డైంది.

మధ్యాహ్నం కెమెరా స్టాండు భుజానేసుకుని కొండెక్కించాడు వాళ్లని. గని నోట్లోంచి ఎర్రటి నీళ్లు బుడబుడమంటూ వస్తున్నాయి. "మా నాన్న ఇరవై రెండేళ్లు ఇందులోకి దిగాడమ్మా. దగ్గుతూ బయటికొచ్చాడు, దగ్గుతూనే పోయాడు" అన్నాడు. అమ్మాయి మెల్లిగా అడిగింది, ఇక్కడ నిలబడితే ఏమనిపిస్తోందని. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాలేదు.

"ఇవాళ సంతోషంగానే ఉందమ్మా. ఏం చెయ్యను మరి?"

కింద ఆయన భార్యకి పదకొండు రోజుల కట్టు తెగింది. వాళ్లు దిగొచ్చేలోగా చేపల సంగతి వంతెన దాటి, కూరగాయల అంగడి దాటి, బావమరిది ఇంటిదాకా పోయింది.

ఎండ తగ్గాక వ్యాను బయల్దేరింది. అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది; వ్యాను మలుపు తిరిగేదాకా ఆయన తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు, సున్నం రాలుతూనే ఉంది. షెడ్డుకి తాళం వేసి, ఇంటికి పోకుండా మూడో మలుపుకి నడిచాడు.

రెల్లుగడ్డిలో అలికిడి. ఎవరో చెప్పులు టపటపలాడించుకుంటూ అవతలి గట్టుకి పరుగెత్తారు.

"ఎవడ్రా అది? కాళ్లు విరగ్గొడతా!"

రాళ్ల మధ్య ఓ వెదురుకర్ర గుచ్చి ఉంది. దాని దారం నీళ్లలోకి దిగి ఉంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది. ఇంకా వేలెడు దాటని చేపపిల్లలు! కర్ర పీకి విరిచేద్దామని రెండు చేతులా పట్టుకున్నాడు, పట్టుకుని ఆగిపోయాడు. ఎర్రవాగుకి గాలం! ముప్ఫయ్యేడేళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఈ గట్టుకి గాలం పట్టుకుని రాలేదు. ఇవాళ ఒకడు నమ్మాడు. పనికట్టుకుని ఎర కలుపుకుని మరీ వచ్చాడు.

నవ్వొచ్చింది. అక్కడే కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఒక్కడే నవ్వాడు. తర్వాత దారాన్ని మెల్లగా పైకి లాగాడు. ఎర లేదు, తినేసి చక్కా పోయాయి. దారం చివర సన్నటి గాలం ఒక్కటే, ఖాళీగా, నీళ్లు కారుతూ ఊగుతోంది.